నేను ఆకాశానికి అంటగట్టిన గుంత

గుండ్రంగా ఉన్న గుంత ఎక్కడ కనబడినా నాకిప్పటికీ గుండె జల్లుమంటుంది. భూగర్భ శాఖలో ముప్పై ఏళ్ళు దాటి పనిచేసి రిటైరైన మనిషి చెప్పుకోవలసిన మాట కాదిది. కానీ ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇంటికొచ్చి, "మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి" అని పట్టుబట్టారు. వాళ్ళకు కావలసినవి నేను కనిపెట్టినవి. నా దగ్గర ఎక్కువగా ఉన్నవి నేను పొరబడినవి. అందులో అన్నిటికన్నా పెద్దది ఒకటి రాస్తాను. ఎప్పుడు ఏ హోదాలోకి వెళ్ళానో, ఏ ఫైలు ఏ బల్ల మీద ఆగిపోయిందో రాయను. అవి నాకే విసుగు, మీకెందుకు?

మా పని నిజంగా ఏమిటంటే

బయటివాళ్ళు మేమంతా వజ్రాలూ బంగారమూ వెతుకుతూ తిరుగుతామనుకుంటారు. నేను చేరిన రోజుల్లో కర్నూలు, కడప జిల్లాల్లో మా పని ముప్పాతిక వంతు నీళ్ళు వెతకడమే. కర్నూలు అప్పుడే రాజధాని అయింది. ఆఫీసులు కొన్ని గుడారాల్లో, కొన్ని అద్దె ఇళ్ళల్లో నడిచేవి. మా ఆఫీసు ఒక వకీలు గారి పాత ఇంట్లో ఉండేది. రాళ్ళ నమూనాలన్నీ ఆయన వంటింటి అటక మీదే పెట్టుకున్నాం. నెలలో ఇరవై రోజులు ఊళ్ళ మీదే బతుకు. ఒక సుత్తి, ఒక దిక్సూచి, సైకిలు, చుట్టిన పరుపు. పొద్దున జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి. మధ్యాహ్నం ఎవరు పిలిస్తే వాళ్ళింట్లో సంగటి. ఏ ఊరికి పోయినా అడిగేది ఒకటే: "సారూ, నీళ్ళు యాడ పడతాయి?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడికి ఆ సీమలో ఉండే గౌరవం మీరు ఊహించలేరు. నాకు ఇరవై ఆరేళ్ళు. అరవై ఏళ్ళ రైతులు నన్ను చూసి అరుగు మీద నుంచి లేచి నిలబడేవాళ్ళు. మొదటి నెల నాకు సిగ్గేసేది. మూడో నెలకు, ఎవరైనా లేవకపోతే కోపం వచ్చేది. అసలు తప్పు అక్కడే మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది.

మా పై అధికారి సుబ్బరాయుడు గారు. కడప వైపు మనిషి. బూట్లు వేసుకునేవాడు కాదు, తోలు చెప్పులతోనే కొండలెక్కేవాడు. అనుమానం వస్తే రాయిని నాలుకతో తాకి చూసేవాడు. పొగడటం ఆయనకు చేతకాదు. పని బాగుంటే "ఊఁ" అనేవాడు. ఇంకా బాగుంటే "ఊఁ, తిన్నావా?" అనేవాడు. ఆయన దగ్గర పనిచేసిన ఆరేళ్ళలో రెండోది నేను విన్నది చాలా తక్కువ.

చంద్రుడి పిచ్చి

మద్రాసులో చదువుకునేటప్పుడు మా ప్రొఫెసర్ ఒకాయన కాలేజీ మేడ మీద చిన్న టెలిస్కోపు పెట్టి మాకు చంద్రుణ్ణి చూపించాడు. చంద్రుడి నిండా గుంతలు. పెద్ద గుంతలు, గుంతల్లో గుంతలు, ప్రతిదాని చుట్టూ గట్టు. ఆ కాలంలో పెద్ద శాస్త్రజ్ఞులే చాలామంది అవి చల్లారిపోయిన అగ్నిపర్వతాల నోళ్ళు అనేవారు. ఆకాశం నుంచి వచ్చి పడిన బండల దెబ్బలని కొందరే అనేవారు. మా ప్రొఫెసర్ ఆ కొందరిలో ఒకడు. అమెరికా ఎడారిలో ఉన్న ఒక పెద్ద గుంత ఫొటో చూపించి, "చంద్రుడికి ఇన్ని దెబ్బలు తగిలితే పక్కనే ఉన్న భూమిని ఎందుకు వదులుతాయి? మనకూ తగిలే ఉంటాయి. వానలూ ఏళ్ళూ వాటిని చెరిపేశాయి. మిగిలినవి ఎక్కడో ఉంటాయి, వెతకాలి" అన్నాడు. ఆ మాట నన్ను పట్టుకుంది. ఉద్యోగంలో చేరి నీళ్ళ కోసం తిరుగుతున్నా, నా కళ్ళు మాత్రం గుండ్రటి గుంత కోసం చూస్తూనే ఉండేవి.

సుబ్బరాయుడు గారికి ఈ గోలంతా గిట్టేది కాదు. ఆయన ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న బేరారు వెళ్ళి లోణార్ సరస్సు చూసొచ్చాడు. నల్లరాతి నేలలో గీసినట్టు గుండ్రంగా ఉండే సరస్సు అది. అగ్నిపర్వతం పనే అని ఆయన, కాదని నేను, భోజనాల దగ్గర కూడా వాదించుకునేవాళ్ళం. "పైనించి వచ్చిందంటే నీకు సులువప్పా. కిందికి చూసే పని తప్పిపోతాది" అనేవాడు ఆయన. ఒక సంగతి ముందే చెప్పేస్తాను. లోణార్ విషయంలో ఆయనదే తప్పు. అది ఉల్క దెబ్బేనని తరవాతి కాలంలో తేలింది. ఈ కథలో ఆయనదే పైచేయి కాబట్టి, అన్నిట్లోనూ ఆయనే ఒప్పని మీరు అనుకుంటారేమోనని చెబుతున్నాను.

ఓబులమ్మ చేను

బనగానపల్లెకు కొన్ని మైళ్ళ దూరంలో ఒక చిన్న పల్లె. ఈ కథలోని మనుషుల మనవలు ఇంకా అక్కడే ఉన్నారు కాబట్టి ఊరి పేరు రాయను. వరసగా రెండేళ్ళు వానల్లేవు. ఊరంతా నాపరాతి మీద ఉంది. నాపరాయి అంటే మన ఇళ్ళల్లో పరుచుకునే బండే, సున్నపురాతిలో ఒక రకం. దాని మీద జానెడు మట్టి, అందులోనే జొన్న, కొర్ర. ఊరి బావి అడుగు కనబడుతోంది. ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి వంక, అంటే వాగు, ఎగువన ఇసకలో చెలమ తోడి, కడవలతో నీళ్ళు మోసుకొచ్చేవాళ్ళు. ఆ చెలమ కూడా ఎండితే ఊరు ఖాళీ చేసి పోవాలని పెద్దలు మాట్లాడుకుంటున్నారు. కొత్త బావి ఎక్కడ తవ్వాలో చెప్పమని నన్ను పంపారు.

ఓబులమ్మ ఆ ఊళ్ళో నడివయసు రైతు. భర్త పోయాక సేద్యం తానే చేసుకుంటోంది. "మా చేలో ఒక గుంత ఉండాది సారూ, దాంట్లో గరిక ఎప్పుడూ ఎండదు, వచ్చి చూడు" అని నన్ను తీసుకుపోయింది. పోయి చూశాను. అడ్డంగా డెబ్బై గజాలు, లోతు రెండు నిలువులు. చుట్టూ రాళ్ళ గట్టు. అంత కరువులోనూ అడుగున పచ్చగా ఉంది. మద్రాసులో మేడ మీద చూసినది నా కాళ్ళ ముందు ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇది ఎప్పటిదమ్మా?" అని అడిగాను.

"మా అత్త కాపరానికొచ్చిన ఏడంట సారూ. తెల్లారుజామున వాన కురుస్తాంటే పెద్ద శబ్దమైందంట. ఊరు ఊరంతా అదిరిందంట. తెల్లారి వచ్చి చూస్తే ఈ గుంత. ఈడ ఉండాల్సిన చొప్పవామి ల్యాకుండా పోయిందంట."

"ఆకాశంలో వెలుగేమైనా కనబడిందని చెప్పిందా మీ అత్త?"

ఓబులమ్మ నా మొహం చూసింది. "మెరిసిందనే చెప్పింది సారూ" అంది.

వాన రోజు మెరవక ఏం చేస్తుంది? నేను మాత్రం నోటుబుక్కులో "ఆకాశంలో మహాకాంతి, ఆ వెంటనే విస్ఫోటం" అని రాసుకుని కింద గీత గీశాను. పిల్లలూ, జవాబు లోపల పెట్టి ప్రశ్న అడక్కండి. మన ఊళ్ళ మనుషులు మంచివాళ్ళు. మీకేం కావాలో మీ మొహంలో చూసి, అదే తెచ్చి మీ చేతిలో పెడతారు.

ఇంక నాకు అన్నీ రుజువులుగానే కనబడ్డాయి. గట్టు మీది రాళ్ళు దెబ్బకు ఎగిరి పడినవి. ఆ రాళ్ళల్లో తుప్పు పట్టిన ఇనుప ముక్క ఒకటి దొరికింది, అరచెయ్యంత. అది ఉల్కలో మిగిలిన తునక. జేబురుమాలులో చుట్టి, ఎనిమిది పేజీల ఉత్తరంతో సహా సుబ్బరాయుడు గారికి పంపాను. వారానికి జవాబు వచ్చింది. మూడే వాక్యాలు: "అక్కడంతా సున్నపురాయి. సున్నపురాతిలో గుండ్రటి గుంత కనబడితే ముందు నీళ్ళను అనుమానించు, తరవాత ఆకాశాన్ని. నేను వచ్చేదాకా ఆగు."

నేను ఆగలేదు. ఎండలు ముదురుతున్నాయి, ఊరు తొందరపడుతోంది, అది నిజమే. కానీ అసలు కారణం అది కాదు. ఆ ముసలాయన చెప్పులేసుకుని వచ్చి నా గుంతను నాకు కాకుండా చేస్తాడని నా భయం. ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టాను. ఊరి పెద్దలను పిలిచి, "గుంత నడుమనే తవ్వండి. పైనుంచి పడిన దెబ్బకు కింద రాయి నుజ్జయి ఉంటుంది. నుజ్జు రాతిలో నీళ్ళు నిలుస్తాయి. అడుగు దిట్టంగా ఉంటుంది, భయం లేదు" అన్నాను. భయం లేదని నేనే అన్నాను. ఓబులమ్మ అక్కడికక్కడే ఆ నేల ఊరికి ఇచ్చేసింది. "ఊరు నీళ్ళు తాగేదానికంటే చేను ఎక్కువనా సారూ" అంది.

జొన్నపిండిలో రాయి

బావి తవ్వడానికి తిమ్మన్న మేస్త్రి, అతని భార్య లచ్చిమి వచ్చారు. తాతల కాలం నుంచీ వాళ్ళది అదే పని. ఆయన కింద తవ్వుతాడు, ఆమె ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి పైన తట్టలు లాగి మట్టి పోస్తుంది. తిమ్మన్నకు నలభై అయిదు ఉంటాయి. మాట తక్కువ. ఆ లోటు లచ్చిమి తీర్చేది. ఆయన బావిలోకి దిగింది మొదలు పైకొచ్చేదాకా ఆమె మాట్లాడుతూనే ఉండేది. చాలావరకు తిట్లే.

"నిన్న సంగట్లో ఉప్పు చాలలేదని మూతి ముడిస్తివే, ఉప్పు మీయమ్మ తెచ్చిచ్చిందా?" అని పైనుంచి.

"ఊఁ" అని కిందనుంచి.

"ఊఁ అంటే? తెచ్చిచ్చిందా, ల్యాదా?"

"ల్యాదులే."

పక్కన కూర్చుని పటం గీసుకుంటున్న నాకు నాలుగు రోజులకే తల వాచిపోయింది. "ఎందుకమ్మా ఆ మనిషిని అట్లా సాధిస్తావు?" అన్నాను.

"సాధించేదా?" అని ఆమె నా వైపు వింతగా చూసింది. "బాయిలో గాలి చెడితే మనిషికి తెలీదు సారూ. నిద్రొచ్చినట్టు వచ్చి ఒరిగిపోతాడు. పలుకుతాండాడంటే బాగుండాడని మాకు తెలుస్తాది. మంచిగా మాట్లాడితే ఈయప్ప పలకడు. తిడితే పలుకుతాడు."

తిమ్మన్నకూ ఒక పద్ధతి ఉంది. రోజూ పని మొదలుపెట్టే ముందు గడ్డపార తిరగేసి అడుగున నాలుగు పక్కలా కొట్టి, చెవి ఆనించి వినేవాడు. నాపరాతి నేలల్లో కింద డొల్లలు ఉంటాయట. మోత మారిందంటే నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస గట్టు మీద గుంజకు బిగించి గానీ గడ్డపార ఎత్తడు. ఇదంతా ఆయనే చెప్పాడు. నేను బాగుందని తలాడించాను.

ఎనిమిదో రోజు మట్టి అయిపోయి రాయి తగిలింది. తిమ్మన్న కొట్టి విన్నాడు. ఇంకోచోట కొట్టి విన్నాడు. పైకొచ్చి, "సారూ, డొల్ల పలుకుతాండాది" అన్నాడు.

నాకు పట్టరాని సంబరమైంది. డొల్ల పలకక ఏమవుతుంది? కింద ఉన్నది నుజ్జు రాయి కదా! ఇదీ ఒక రుజువే అనుకున్నాను. గట్టు మీద ఊరివాళ్ళు పదిహేను మంది దాకా ఉన్నారు. వాళ్ళందరికీ చూపించాలనిపించింది. లచ్చిమి రొట్టెలకు తెచ్చుకున్న జొన్నపిండి పళ్ళెంలో మందంగా పరిచి, నిలబడి ఒక గులకరాయి వదిలాను. పిండిలో గుండ్రటి గుంత, చుట్టూ గట్టు. జనం "ఆఁ" అన్నారు. ఇంకో రాయి వేశాను. చంద్రుడి గురించి చెప్పాను. అమెరికా ఎడారి గురించి చెప్పాను. భూమి పుట్టిన కొత్తలో ఆకాశం నుంచి బండల వాన ఎట్లా కురిసి ఉంటుందో చేతులూపుతూ చెప్పాను. "మీ ఊరికి చుక్క దిగి వచ్చింది తిమ్మన్నా! నువ్వు ఆ చుక్క దిగిన చోట తవ్వుతున్నావు!" అన్నాను.

"పిండి అంతా రాళ్ళు చేస్తివి. ఆ రొట్టె ఎవరు తింటారు సారూ, చంద్రుడా?" అంది లచ్చిమి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

తిమ్మన్న పళ్ళెంలోని గుంతను చాలాసేపు చూశాడు. తరవాత నా మొహం చూసి మెల్లగా నవ్వి, "అట్లనే కానీ సారూ" అన్నాడు. చదువు రాని మనిషిని శాస్త్రంతో ఒప్పించానని ఆ రోజంతా నేను గాలిలో నడిచాను.

గట్టు మీద మాట

మర్నాడు పొద్దు బాగా ఎక్కాక నేను గొడుగు కింద కూర్చుని పటానికి రంగులు వేస్తున్నాను. లచ్చిమి ఎవరి పెళ్ళిలోనో తిమ్మన్న చొక్కా చించుకున్న సంగతి ఎత్తి తిడుతోంది. కింద గడ్డపార దెబ్బ ఒకటి వినబడింది. రెండోది వినబడలేదు. నేల లోపల ఎక్కడో బండెడు రాళ్ళు గుమ్మరించినట్టు శబ్దమై, బావి నోట్లోంచి దుమ్ము పైకి లేచింది. దుమ్ము తగ్గాక చూస్తే బావికి అడుగు లేదు. కూలిన బండలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉన్నాయి, వాటి సందుల్లో చీకటి. తిమ్మన్న లేడు. తాడు గట్టు మీద చుట్ట చుట్టినట్టే ఉంది.

లచ్చిమి గుండెలు బాదుకోలేదు. బావి అంచున పడుకుని, తల లోపలికి వంచి, మాట ఎక్కడ ఆపిందో అక్కడినుంచే అందుకుంది. "ఏమయ్యా, పలకవేం? చొక్కా సంగతి ఎత్తినానని కోపమా? పలుకు. నీ మొండితనం నాకు తెల్దా? నువ్వు పలికేదాకా నేను ఈన్నించి లేసేది ల్యా." జవాబు లేదు. ఇద్దరు మగవాళ్ళు దిగబోతే అంచులు జారి రాళ్ళు పడ్డాయి. పడిన రాళ్ళు ఆయన మీద పడతాయేమోనని ఆగిపోయారు. గంట దాటింది. ఆమె గొంతు జీరపోయింది. అయినా తిట్లు ఆగలేదు.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను ఆ రాళ్ళ గట్టు మీద కూలబడ్డాను. ఒక మనిషిని చంపాను, ఆ ఒక్కటే తలలో తిరుగుతోంది. పెట్టెలో మడిచి పెట్టిన ఉత్తరం అక్షరం అక్షరం గుర్తొచ్చింది. లచ్చిమి నోరు మూయకూడదని, ఆపిందంటే ఆయన లేనట్టేనని నేను దేవుడికి మొక్కుకుంటూ కూర్చున్నాను.

ఓబులమ్మ మోకు తేవడానికి ఇంటికి పరుగెత్తింది. అడ్డదారిన వంక గట్టు మీదుగా తిరిగొస్తూ, దూరం నుంచే చేతులూపుతూ కేకలు పెట్టింది.

"లచ్చిమీ! పలుకుతాండాడే నీ మొగుడు! వంకకాడ పావురాళ్ళ బొక్కలోంచి పలుకుతాండాడు! నిన్ను తిడతాండాడు!"

వంక గట్టున నాపరాతి పొరల కింద మనిషి పాకి దూరేంత బొక్క ఒకటుంది. పావురాలు గూళ్ళు పెట్టుకునే చోటు. బావికి రెండు ఫర్లాంగుల దూరం. అందరం పరుగెత్తాం. చెవి పెట్టి వింటే లోపలి నుంచి సన్నగా వినబడింది: "పలుకుతాండా కదే... ఎన్నిసార్లు పలకాల... చెవుడా నీకు?"

ఆమె తిట్లు బండల సందుల్లోంచి ఆయనకు చేరుతున్నాయి. ఆయన జవాబులు పైకి రాకుండా, నేల కింద గుహ వెంట నడిచి వంకలోకి వస్తున్నాయి. గంటన్నర నుంచీ ఆయన ఒక్క తిట్టుకూ జవాబు ఎగ్గొట్టలేదు.

అక్కడ బావి దగ్గర, మా వెనకే లేచి పరుగెత్తబోయిన లచ్చిమిని ఓబులమ్మ ఆపింది. "నువ్వు ఆడే ఉండు. తిట్టు. ఆయప్ప పలికేకొద్దీ వీళ్ళకు దోవ తెలుస్తాది." లచ్చిమి మళ్ళీ పడుకుంది. ఏడుస్తూ తిట్టింది.

లాంతరు పట్టుకుని ముందు నేను దూరాను, వెనక ఇద్దరు రైతులు. కొంత దూరం పాకాం. తరవాత వంగి నడిచాం. దారి రెండుగా చీలినచోట ఆగి విన్నాం. "వస్తాలే... వచ్చినాక చెప్తా నీ పని..." అని కుడి పక్క నుంచి వచ్చింది. అటు పోయాం. తడుముకుంటూ గోడ మీద చెయ్యి వేశాను. నున్నగా ఉంది. వేల ఏళ్ళు నీళ్ళు రాసుకుంటూ పోతే తప్ప రాయి అంత నునుపు కాదు. అంతా అక్కడే అర్థమైంది. ఓబులమ్మ అత్త కాలంలో ఒక వాన రోజు ఈ గుహ కప్పు కూలి, పైనున్న నేల దిగబడింది. అంతే. ఆకాశానికి దాంతో ఏ సంబంధమూ లేదు.

తిమ్మన్న ఒక బండకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమ కాలు మోకాలి కింద పక్కకు తిరిగిపోయింది. లాంతరు వెలుగులో నన్ను గుర్తుపట్టి, మొదట అన్న మాట ఇది: "నీళ్ళుండాయి సారూ." చెయ్యి చాపి చూపించాడు. ఆయన పక్కనే, కదలకుండా, లాంతరు వెలుగు అందినంత దూరం నీళ్ళు.

నాకు ఏడుపు ఆగలేదు. విరిగిన కాలుతో ఉన్న మనిషి నా వీపు నిమిరాడు. "ఊరుకో సారూ, దొరికినాయి కదా" అన్నాడు.

కర్రు ముక్క

సుబ్బరాయుడు గారు నాలుగో రోజు వచ్చాడు. చెప్పులు బయట విడిచి పావురాళ్ళ బొక్కలో దూరి, రెండు గంటల తరవాత మట్టి కొట్టుకుని బయటికొచ్చాడు. తరవాత గుంత గట్టు మీద నడిచి, ఓబులమ్మను పిలిచాడు.

"ఈ రాళ్ళు యాడివమ్మా?"

"మావే సామీ. మా మామ కాలం నించీ చేలో రాళ్ళు ఏరి ఈడే పోస్తాండాం. దున్నని తావు కదా. ఇంగ యాడ పోస్తాం?"

ఇరవై రోజులు నేను ఆ రాళ్ళ మీదే కూర్చున్నాను. ఒక్కసారి అడిగి ఉంటే ఇదే మాట నాకూ చెప్పేది. సుబ్బరాయుడు గారు జేబులోంచి నా జేబురుమాలు తీసి, విప్పి, ఇనుప ముక్కను నా చేతిలో పెట్టాడు. "అరిగిపోయిన నాగటి కర్రు మొన అప్పా. నీ ఉల్కతో ఎవరో మడక దున్నినారు." ఆరోజు నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే వస్తుంది.

జరిగిన ప్రమాదం గురించి తాలూకా ఆఫీసుకు కాగితం పోవాలి. రాయడానికి వచ్చిన గ్రామాధికారి మర్యాదస్తుడు. నన్ను పక్కకు పిలిచి, "మేస్త్రి తాడు కట్టుకోకుండా దిగినాడు, అజాగ్రత్త, అని రాసేస్తే సరిపోతాది. మీకేం ఇబ్బంది ఉండదు" అన్నాడు. అది అబద్ధం కూడా కాదు. తాడు నిజంగానే కట్టుకోలేదు. అట్లా రాస్తే ఇంక ఏ ఊరూ తిమ్మన్నను బావి పనికి పిలవదని నాకు తెలుసు. తెలిసి కూడా వెంటనే వద్దనలేదు. ఎంతసేపు ఊరుకున్నాను? బీడీ ముట్టించుకునేంత సేపేమో. నా ఉద్యోగం మొత్తం మీద నేను సిగ్గుపడేది ఆ కాస్తసేపటికే. గుంత విషయంలో పొరబడ్డానంటే అది తెలివితక్కువ. ఇది వేరే.

సుబ్బరాయుడు గారు వింటున్నాడు. "తాడు సంగతి అట్ల పెట్టప్పా. ఆడ తవ్వమన్నది ఎవరు?" అన్నాడు.

"నేను."

"అయితే అది రాయి."

రాశాను. చోటు చూపించింది నేనని, మేస్త్రి డొల్ల ఉందని ముందే చెప్పాడని, నేను తోసిపుచ్చానని రాసి సంతకం చేశాను. ఆయన చదివి "ఊఁ" అన్నాడు. కాగితం మడిచాక, "తిన్నావా?" అన్నాడు. ఆ కాగితం వల్ల నాకేమైందో అడక్కండి. అవన్నీ రాయనని మొదటే చెప్పాను.

పావురాళ్ళ బొక్కను వెడల్పు చేసి, నాపరాళ్ళతో మెట్లు కట్టారు. ఆ ఎండాకాలం ఊరు ఆ నీళ్ళే తాగింది. ఎవరూ మూటాముల్లె సర్దుకోలేదు. మా ప్రొఫెసర్ చెప్పింది కూడా అబద్ధం కాదు. చంద్రుడి గుంతలు చాలావరకు దెబ్బలేనని తరవాత తేలింది. భూమి మీదా అలాంటివి ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒక పెద్ద దెబ్బ భూమి మీద జీవుల చరిత్రనే మలుపు తిప్పిందని ఇప్పుడు మీరు పాఠంగా చదువుకుంటున్నారు. చదవండి, నాకూ ఇష్టమే. కలలు కనొద్దని నేను చెప్పను. మీ కల కింద ఎవరు గడ్డపార పట్టుకుని నిలబడి ఉన్నారో మాత్రం చూసుకోండి.

తాడు

రెండేళ్ళ తరవాత ఎర్రగుంట్ల వైపు పని మీద పోతూ, దారి మార్చుకుని తిమ్మన్న ఇంటికి వెళ్ళాను. కట్టు కట్టే వైద్యుడు కాలు నిలబెట్టాడు గానీ అది కొంచెం పొట్టిదైంది. బావుల్లోకి దిగడం మానేశాడు. అయితే చుట్టుపక్కల ఎవరు బావి మొదలుపెట్టినా, చెవి ఆనించి చెప్పడానికి ముందు ఆయన్నే బండి కట్టి తీసుకుపోతున్నారు. లచ్చిమి రొట్టెలు పెట్టింది. "రాళ్ళు ల్యావులే, తిను సారూ" అంది.

తిని చెయ్యి కడుక్కున్నాక, రెండేళ్ళుగా గొంతులో ఉన్న ప్రశ్న అడిగాను. "తిమ్మన్నా, డొల్ల పలికితే తాడు లేనిదే గడ్డపార ఎత్తని మనిషివి. ఆరోజు ఎందుకు కట్టుకోలేదు? నేను చెప్పింది నిజమని నమ్మినందుకే కదా?"

ఇన్ని జరిగినా, ఆ ప్రశ్నకు అవునన్న జవాబే కావాలని నా మనసులో ఉంది. మోసపోయాడు గానీ నన్ను నమ్మి మోసపోయాడు అనుకుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

తిమ్మన్న పక్కకు చూశాడు. "పోనీలే సారూ, ఎప్పటి మాటో."

"అడుగుతాండాడు కద, చెప్పయ్యా" అంది లచ్చిమి.

"డొల్లే అని నాకు తెలుసు సారూ" అన్నాడు తిమ్మన్న. "మా నాయన ఉన్నప్పటి నించీ ఇంటాండా ఆ మోత. నువ్వేమో పళ్ళెంలో రాయేసి, చంద్రుడు, చుక్కలు అని అంత సంబరంగా చెప్తివి. ఊరోళ్ళంతా ఆడే ఉండారు. వాళ్ళందరి ముందర నేను నడుముకు తాడు కట్టుకుంటే, సారు మాట అబద్ధమని చెప్పినట్టే కదా. చిన్నోనివి. నీ మొకం చిన్నబోతాదని కట్టుకోల్యా."

ఆయన దాన్ని నిందగా అనలేదు. అడిగాను కాబట్టి చెప్పాడు. చెప్పి, వక్క కొరుక్కుంటూ కూర్చున్నాడు. నాకు అక్కడ ఎక్కువసేపు కూర్చోవడం చేతకాలేదు.

ఆ తరవాత ఏ బావి దగ్గరైనా, నేను నోరు తెరిచే ముందే దిగేవాళ్ళ నడుముకు నా చేత్తో తాడు కట్టేవాణ్ణి. దానివల్ల కాళ్ళు విరగకుండా ఆగి ఉంటాయి. కానీ నాకంటే బాగా తెలిసినవాళ్ళు, నా మొహం చిన్నబోకూడదని, ఇన్నేళ్ళలో నా ముందు ఇంకెన్నిసార్లు నోరు మూసుకుని ఊరుకున్నారో నాకు తెలియదు.